సైరన్‌కు దించే గిన్నెలు

శుక్రవారం రాత్రి

ఇయ్యాల టీవీ వాళ్లు మా వాడకొచ్చిండ్రు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల బ్లాస్టింగులకు పగిలిన ఇండ్ల మీద వార్త చేస్తరట. మైకు పట్టుకున్న పిల్ల పక్కింటి పోశవ్వను పగిలిన గోడ ముంగట కూసోబెట్టి, "కొంచెం ఏడవండమ్మా, అప్పుడే చూసేవాళ్లకు తాకుతుంది" అన్నది.

పోశవ్వ లేసి నిలవడ్డది. "నేనెందుకు ఏడ్వాలె బిడ్డా? గోడ పగలగొట్టినోన్ని ఏడ్వుమను."

వాళ్లు మొఖాలు ముడుసుకొని పోయిండ్రు. జరసేపటికే బ్లాస్టింగు సైరన్ మోగింది. మా మహిళా సంఘం కెమెరా నా చేతుల్నే ఉన్నది. పోశవ్వ రోజటి లెక్కనే గూట్లె గిన్నెలన్ని దించి కింద పెట్టింది. బొగ్గుబాయిల పానం పోయిన పెనిమిటి ఫోటోను గోడ మీదికెల్లి తీసి, ఒళ్లె పెట్టుకొని వాకిట్ల కూసున్నది. భూమి అదిరింది. దుమ్ము తగ్గినంక లేసి, మల్ల గిన్నెలు సర్దింది. అంత కెమెరాల తీసిన. ఆ టీవీ పిల్ల జర ఆగుంటే ఆమెకు గుడ గీ బొమ్మ దొరుకుతుండె.

రేపు ప్రొజెక్టరు పెట్టి దాన్ని వాడోళ్లందరికి చూపెడ్తం. ఆ ముచ్చట తెలిసి, మా ఆయన పనిచేసే ఓపెన్‌కాస్టు కాంట్రాక్టరు మనిషొకడు ఇంటికొచ్చిండు. "నీ మొగని డ్యూటీ సంగతి ఆలోచించుకో" అన్నడు. మా ఆయన అదంత ఇని బయటికి పోయిండు. నాకైతే అప్పటిసంది ఒకటే ఫికర్. డ్యూటీ పోతే ఎట్ల...

గదే అనుకుంట బయటికొస్తే, మా ఆయన తెర కోసమని పోశవ్వ గోడకు సున్నం ఏస్తుండు. పగులు గుడ పూడ్వబోయిండు.

పోశవ్వ ఆయన చెయ్యి పట్టుకున్నది.

"దాన్ని పూడ్వకు కొడుకా. బొమ్మ దాని మీదనే పడాలె."