జిల్లేడు సవతి

కనకమ్మ సత్రం

నన్ను తల్లిలా సాకిన రాజమ్మక్క పాదాలకు మొక్కి చెంగమ్మ వ్రాసుకునేది. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ, బావా, పిల్లలూ ఎలా ఉన్నారో వ్రాయి. ముందు అసలు సంగతి: నాకు ఆడపిల్ల పుట్టింది. నేను బతికే ఉన్నాను! కంగారు పడకు, బాగానే ఉన్నాను. మిరియాల చారు తప్ప మరేమీ పెట్టరు, అంతే.

ఆయన ముందు భార్యలిద్దరూ పుట్టింటికి పోయి పురుటిలోనే పోయారని, నువ్వు పిలిచినా మా అత్త నన్ను పంపలేదు. నీ ముఖం చూడకుండానే పోతానేమోనని ఎన్ని రోజులు ఏడ్చానో, ఇప్పుడు చెప్పుకోవచ్చు.

మూడో పెళ్లి అచ్చిరాదని, నాకు తాళి కట్టేముందు ఆయనకు జిల్లేడు చెట్టుతో పెళ్లి చేసి దాన్ని నరికారు కదా. ఆ చెట్టు కాయ ఒకటి ఆయన గోడ గూట్లో దాచారు. ఎందుకని అడిగాను.

"చెట్టు కూలినాక దాని మింద ఉండిన చారల పురుగులు ఆకు యాడా అని నేల మింద దేవులాడతా ఉండినాయి. మనసు ఒప్పక, విత్తనమన్నా ఉండనీ అని తెచ్చినా" అన్నారు.

నా బదులు చచ్చిన చెట్టు అది. గింజల దూది ఒలిచి, కుండలో ఇసుకమట్టి పోసి చల్లాను. పదిరోజులకు మొలిచాయి. వానలు పడ్డాక పెరట్లో నాటాను. అత్త చూసి గుండెలు బాదుకుంది.

"ఇంట్లో జిల్లేడు మొలిపిస్తారా ఎవరన్నా? అది నీకు సవతి! పెరికి పారెయ్ మే!"

"కడుపుతో మనిషి ఉండే ఇంట్లో పచ్చని చెట్టు కొట్టకూడదు గదమ్మా" అని ఆయన అడ్డుపడబట్టి మొక్కలు నిలిచాయి. ఆకుల నిండా చారల పురుగులు చేరాయి. మొన్న ఒక పురుగు గూడు పగిలి, నల్లంచు కావిరంగు సీతాకోకచిలుక బయటికొచ్చింది.

పురిటి స్నానం మర్నాడు అత్త కొడవలి పట్టుకుని పెరట్లోకి పోయింది. ఇంక పోయాయనుకుని గడప దాకా లేచి వెళ్లాను. చూస్తే, కంప కొట్టుకొచ్చి మొక్కల చుట్టూ పాతుతోంది.

"కోళ్లు మొదళ్లు కెలికేస్తా ఉండాయి" అంది. తర్వాత, "చెంగమ్మా, గాలిలో నిలబడొద్దు, లోపలికి పో."

అక్కా, కాపురానికి వచ్చి ఏడాది దాటింది. 'మే' అనడమే తప్ప ఆమె నన్ను పేరుతో పిలవడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఎందుకు పిలవలేదని అడిగాను.

"ముందు ఇద్దర్నీ నోరారా పిలిచి పోగొట్టుకుంటిని. నిన్ను పిలిచేదానికి భయమేసె" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

బిడ్డకు పేరు ఆమెనే పెట్టమన్నాను. నువ్వు మెత్తటి పాత చీరలు రెండు పంపు. బావకు, పెద్దలందరికీ నా మొక్కులు చెప్పు. నన్నూ బిడ్డనూ చల్లగా ఉండమని దీవించు.

ఇట్లు,
నీ చెల్లెలు
చెంగమ్మ