గొర్రెల మందకు ఇంటి నంబరు అడిగిన ఫారం గురించి

జీవాల టీకాల ఆన్‌లైన్ నమోదు అధికారి గారికి,
వికారాబాద్.

అయ్యా,

విషయం: మందకు ఇంటి నంబరు అడుగు గడిని ఫారంలో నుండి తీసివేయించి, చిటుక రోగం టీకా ఇప్పించుట గురించి.

కోట్‌పల్లి మండలం గొర్రెల కాపరి బీరయ్య వ్రాసుకొను విన్నపము.

1. చిటుక రోగం వల్ల మొన్న మా గొర్రెపిల్లలు రెండు గంతులేస్తూనే పడి చచ్చినవి. నాకు ఏడుపు వచ్చినది. అర్జీలో అట్లు వ్రాయరాదని తెలిసియు వ్రాయుచున్నాను. మిగిలిన వాటికి టీకా వేయమంటే, ఆన్‌లైన్‌లో ఫారం నింపిన వారికే అని పశువుల దవాఖానా వారు అన్నారు. అందువలన తాండూరులోని ఆన్‌లైన్ సెంటర్‌కు పోయితిని.

2. సదరు ఫారం మంద ఇంటి నంబరు అడిగినది. మా మంద రాత్రికొక రైతు చేనులో పడుకొనును. గడి ఖాళీగా వదిలితే ఎర్ర అక్షరాలు వచ్చినవి. "ఆకాశం కింద" అని కొట్టిస్తే "అంకెలు మాత్రమే" అన్నది. మా ఇంటి నంబరు వేయిస్తే "ఈ ఇంట్లో మనుషులు ఉన్నారు, జీవాలకు వేరే ఇల్లు చూపండి" అన్నది. నా భార్య హన్మమ్మ, "గట్లయితే మనమే బయట పండుకుందం, ఇల్లు గొర్లకు రాసియ్యి" అన్నది.

3. సెంటర్ నడుపు ప్రియదర్శిని గారు, "ఫారం చేసినోళ్లు సొంతంగ పెట్టిన రూలు పెద్దయ్యా, నా చేతుల లేదు" అని వికారాబాద్‌లోని తమరి ఆఫీసుకే ఫోన్ కలిపినారు. అక్కడ కంప్యూటర్ చూచు రిత్విక్ సారు ఎత్తి, "మా దగ్గర మంచిగనే తీసుకుంటున్నది" అన్నారు.

"ఏ నంబరు ఏసి చూసిండ్రు సార్?" అని అడిగితిని.

"మా ఆఫీసు నంబరే."

4. మేమును అదే నంబరు వేయించితిమి. పచ్చ టిక్కు పడినది. "నమోదైన ఇంటి వద్ద జీవాలను చూపినచో టీకా వేయబడును" అని మెసేజ్ వచ్చినది.

5. కావున మంద యావత్తు నిన్న సాయంత్రం నుండి తమ ఆఫీసు ఆవరణలో హాజరై ఉన్నది. వాచ్‌మన్ బాల్‌రాజ్ గారు అభ్యంతరం చెప్పగా పచ్చ టిక్కు చూపితిని. తమ కారు కింద ఉన్న పొట్టేలు పొడుచును, గమనించగలరు.

పై సంగతులు చిత్తగించి, డాక్టరు గారిని వెంటనే కిందికి పంపవలెను.

తమ విధేయుడు,
బీరయ్య
(ఇంటి నంబరు: తమ ఆఫీసుదే)

తా.క.: సార్, ఎవరి జాగల మంద పండితే వాళ్లే కాపరికి బువ్వ పెట్టాలె, మా దిక్కు గది రివాజు. మీ చెట్లకు మస్తు ఎరువు పడ్డది. మేం ఇద్దరం ఉన్నం, జొన్నరొట్టె అయినా సరే. సూది ఏస్తే ఇయ్యాల్నే లేస్తం. లేకుంటే రాత్రికి కూడా మీ దగ్గర్నే.