పైడమ్మ చావని ఆట

శ్రీరామ్మూర్తి బావా,

నా నవల్లో మనుషుల్ని పావులు చేసి యుద్ధపు ఆట తయారుచేశావంటే మురిసిపోయాను. మొన్న ఉక్కునగరంలో మీ క్వార్టర్‌కొచ్చి చూశాక ఒళ్లు మండింది. యారాడలో చేపలమ్ముకునే పైడమ్మ చేతికి బల్లెమా! చివరి అధ్యాయంలో నేను చంపేసిన మనిషి బావా, ఆమె! "నా డ్యూటీలో సావకూడదు" అని ఆటకి కూర్చున్న మీ ప్లాంటువాళ్లలో ప్రతివాడూ ఆమెని కాపాడి, తర్వాతి షిఫ్టువాడికి ఆట అప్పగించి పోతుంటే యుద్ధం ముగిసేదెప్పుడు? పైగా నీతో పనిచేసే చందు నన్నే నిలదీశాడు: "మీరు సంపీసినారు గానీ, మేం సావనిత్తామేటి?"

రెండో ముద్రణకి ప్రూఫులు దిద్దమని ప్రెస్సువాళ్లు తొందరపెడుతున్నారు. ఆమె చావు దగ్గరే పెన్ను ఆగిపోయింది. అంతా నీవల్లే.

ఇప్పుడు పైడమ్మ ఏ గడిలో ఉందో వెంటనే చెప్పు.

నీ బావమరిది