ఏడో ఎపిసోడ్ తర్వాత కనబడని అమ్మాయి

జూన్ 3, సోమవారం

మడమ బెణికి మంచమెక్కాను. వంటిల్లు ఈయన చేతిలో పడింది. ఉప్పు డబ్బా ఒక చోట, దాని మూత ఇంకో చోట. అది చూసి బాధపడేదానికన్నా ఇదే నయమని టాబ్లెట్ చూస్తున్నాను. కూతురు మొన్న వచ్చినప్పుడు తన అకౌంట్ పెట్టి ఇచ్చిపోయింది. తీరా చూస్తే అందులో అన్నీ థాయ్‌లాండ్ సీరియళ్ళే. ఇద్దరు మగపిల్లల ప్రేమకథలు. బీఎల్ అంటారట, బాయ్స్ లవ్. మొదటిది పొరపాటున నొక్కాను. మూడు ఎపిసోడ్లయ్యాక పొరపాటని చెప్పుకోవడం మానేశాను.

జూన్ 5, బుధవారం

పాల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ రాసుకునే చెయ్యి ఊరికే ఉండదు. చూసినవాటికి మార్కులు వేస్తున్నాను.

ఇంజనీరింగ్ చదువుతారు, ఒక్కడూ పుస్తకం తెరవడు. పరీక్షలు రావు, సెలవులు మాత్రం వస్తాయి. హోటల్‌కి వెళితే ఒకటే గది, ఆ గదిలో ఒకటే మంచం. గుండె పగిలి ఏడుస్తున్నవాడు ఉన్నట్టుండి మొహానికి క్రీము రాసుకుని దాని సుగుణాలు వివరిస్తాడు. ఎవరో ఒకరికి జ్వరం రావాలి. రెండోవాడు పక్కన కూర్చుని తడిగుడ్డతో తుడవాలి. మాత్ర వేసి పడుకోబెడితే పోయే జ్వరాన్ని పట్టుకుని ఎపిసోడంతా లాగుతారు.

కానీ చూపులు బాగుంటాయి. ఇది ఒప్పుకోవాలి. అవతలివాడికి దాహం వేస్తోందని వాడికంటే ముందు వీడికి తెలుస్తుంది. నన్నెవరైనా అలా చూశారా అని ఆలోచించాను. ఆలోచన ఆపి పదికి ఆరు వేశాను.

జూన్ 9, ఆదివారం

కూతురు ఫోన్ చేసింది. హిస్టరీ చూసిందట. అమ్మా, నిజంగా నువ్వేనా, ఎవరైనా హ్యాక్ చేశారా అని పడీ పడీ నవ్వింది. నీ షిప్ ఎవరు అంది. షిప్ ఏంటే అన్నాను. ఏ ఇద్దరూ కలవాలని మనం ప్రాణం పెట్టి కోరుకుంటామో, వాళ్ళు మన షిప్ అట. నీకు సంబంధం చూస్తానంటే మొహం ముడుచుకుంటావు, ఎక్కడో థాయ్‌లాండ్ పిల్లలకి మాత్రం పెళ్ళిపెద్దవా అన్నాను. అది వేరు, ఇది వేరు అంది.

నాన్నకి మాత్రం చెప్పకు, ఫీలవుతాడు అంది. ఎందుకవుతాడు అన్నాను. వాళ్ళ జనరేషన్ అలాంటిది కదమ్మా అంది. మరి నాది ఏ జనరేషనో చెప్పలేదు.

జూన్ 14, శుక్రవారం

ఈయన స్నేహితుడు టైలర్‌కి కంట్లో శుక్లం తీశారు. చిన్నప్పటి స్నేహం. ఈయన బస్ డిపోలో టైమ్‌కీపర్. డిపో ఎదురు సందులోనే టైలర్ షాపు, వెనక ఒక గది, అందులోనే ఆయన కాపురం. పెళ్ళి చేసుకోలేదు. ఈయన డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వెళతాడు, దీపాలు పెట్టే వేళ దాటాక ఇంటికి వస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. తాగడు, పేకాడడు, షాపులో కూర్చుంటాడు, అంతేగా అని మా అమ్మ కూడా నా అదృష్టాన్ని మెచ్చుకునేది.

నా మడమ బెణికినప్పుడు పక్కన ఫ్లాస్క్ పెట్టి డ్యూటీకి వెళ్ళాడు. టైలర్ కంటికి వారం సెలవు పెట్టాడు. ఊరికే రాసుకుంటున్నాను.

జూన్ 15, శనివారం

మడమ కాస్త నయం. ఇద్దరికీ భోజనం క్యారియర్‌లో సర్ది షాపుకి వెళ్ళాను. షట్టర్ సగం దించి ఉంది. వంగి చూశాను.

టైలర్ స్టూలు మీద కూర్చుని తల వెనక్కి వాల్చాడు. ఈయన గడ్డం కింద చెయ్యి ఆనించి కంట్లో చుక్కలు వేస్తున్నాడు. వేశాక చెయ్యి తీయలేదు. మూసుకో, ఇంకాసేపు మూసుకో, తొందరేంటిరా నీకు అంటున్నాడు. నాతో ఎప్పుడూ వాడని గొంతు. చెంప మీదికి జారిన చుక్కను బొటనవేలితో తుడిచి, ఆ వేలు తన చొక్కాకే రాసుకున్నాడు. ఇంట్లో గ్లాసు కింద తడి కనబడితే తుడవమని నన్ను కేకేసే మనిషి.

ఈ సీన్ నేను చూశాను. ఆ సీరియళ్ళలో దాదాపు ప్రతిదాంట్లోనూ చూశాను. మ్యూజిక్ ఒక్కటే తక్కువ.

షట్టర్ తట్టాను. ఇద్దరూ ఉలిక్కిపడలేదు. రావే, కాలు నొప్పి పెట్టుకుని ఎందుకొచ్చావు అన్నాడు ఈయన. వదినా, మీ చేతి భోజనం కోసమే కన్ను తెరిచా అన్నాడు టైలర్. ఉలిక్కిపడినా బాగుండేది. నా ముందు దాచాలని కూడా అనిపించనంత అలవాటైపోయింది వాళ్ళకి.

టైలర్‌కి ఒక పద్ధతి ఉంది. పాత గిరాకీ అయినా సరే, ప్రతిసారీ టేపు తీసి కొత్తగా కొలుస్తాడు. మనిషి నిరుడున్నట్టు ఈ ఏడు ఉండడు వదినా అంటాడు. నన్నూ ప్రతిసారీ కొలిచే కుడతాడు. ఈయనకి మాత్రం ఏనాడూ టేపు తీయలేదు. గుడ్డ ఇస్తే చొక్కా వస్తుంది. భుజం దగ్గర ముడత ఉండదు, చంకలో పట్టదు. నేను ఇన్నేళ్ళూ దాన్ని పనితనం అనుకున్నాను.

జూన్ 16, ఆదివారం

ఏమీ చూడలేదు. చొక్కాలు ఇస్త్రీ చేశాను. అన్నీ ఒకే చేతి కుట్టు.

జూన్ 22, శనివారం

కొత్త సీరియల్ అయిపోయింది. బాగా పేరొచ్చిందట. ఇందులో హీరోకి ముందే ఒక అమ్మాయితో పెళ్ళి నిశ్చయమై ఉంటుంది. నాలుగో ఎపిసోడ్ దాకా మంచిదే. ఐదులో అనుమానం. ఆరులో వాడి చెంప పగలగొడుతుంది. ఏడులో కళ్ళు తుడుచుకుని, నువ్వు సంతోషంగా ఉంటే చాలు అని వాడికి చెప్పి టాక్సీ ఎక్కుతుంది. ఆ పైన ఎక్కడా లేదు. చివర్లో అందరూ ఒక హోటల్లో చేరి నవ్వుకుంటారు. వాడి స్నేహితులు, ప్రొఫెసర్, ఆఖరికి ఎదురింటి పిల్లి కూడా ఉంది. ఆ అమ్మాయి లేదు.

టాక్సీ ఎటు పోయింది? ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకి ఏం చెప్పింది? చెప్పులు ఎక్కడ విడిచింది, అన్నం తిందా? తీసినవాళ్ళకి ఆ పట్టింపు లేదు. చెంపదెబ్బ కోసం తెచ్చారు, అయిపోగానే పంపేశారు. కింద కామెంట్లు చదివాను. అమ్మయ్య, అడ్డు తొలిగింది అని ఎవరో రాస్తే వేలమంది లైకులు కొట్టారు. అడ్డు.

పదికి ఒకటి. ఆ ఒకటీ టాక్సీ డ్రైవర్‌కి. ఆమె ఏడుస్తుంటే అద్దంలో ఒకసారి చూశాడు.

జూన్ 23, ఆదివారం

కూతురితో గొడవైంది. ఆ అమ్మాయి ఏమైందే అని అడిగాను. ఏ అమ్మాయి అంది! చెప్పాను. అమ్మా, ఆవిడ సైడ్ క్యారెక్టర్, ఇది ఆవిడ కథ కాదు, వాడు తనెవరో తాను తెలుసుకోవడం పాయింట్ అంది. తెలుసుకునేదాకా ఆవిడ మీద ప్రాక్టీస్ చేయాలా అన్నాను. ఛీ, ఎంత టాక్సిక్‌గా మాట్లాడుతున్నావమ్మా, అలాంటివాళ్ళు ఎంత భయపడుతూ బతుకుతారో నీకేం తెలుసు అంది.

నాకేం తెలుసట.

నోటి దాకా వచ్చింది. వాళ్ళ నాన్నంటే దానికి ప్రాణం. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

జూన్ 30, ఆదివారం

పొద్దున ఎవరూ అడగకుండా ఈయన నాకు టీ పెట్టి తెచ్చాడు. ఏదో ఉందనుకున్నాను. పేపరు మడతపెడుతూ, మొహం చూడకుండా చెప్పాడు. షాపు ఉన్న బిల్డింగ్ పడగొడుతున్నారట. రెండు వారాల్లో ఖాళీ చేయాలట. మన ముందు గది ఊరికే పడి ఉంది కదా, వాడు మెషిన్ అక్కడ వేసుకుంటాడు, ఆ కంటితో ఒంటరిగా ఎలా ఉంటాడు, నీకూ పగలంతా తోడుగా ఉంటుంది అన్నాడు.

నాకు తోడు!

సీరియల్లో అయితే ఇది అందరూ ఎదురుచూసే ఎపిసోడ్. ఒకడు పెట్టె పట్టుకుని రెండోవాడి గుమ్మంలోకి వస్తాడు, చూసేవాళ్ళు ఈలలు వేస్తారు. ఆ ఇంట్లో గిన్నెలు తోమేది ఎవరో చూపించరు.

ఆలోచించి చెబుతానన్నాను. ఆ మాత్రానికే పిల్లాడిలా మొహం వెలిగిపోయింది. టీలో రెండు చెంచాల పంచదార ఉంది. నేను పంచదార మానేసి ఏళ్ళయింది.

జులై 7, ఆదివారం

చెప్పేశాను. బట్టలు ఆరేస్తుంటే మళ్ళీ అడిగాడు, ఏమాలోచించావు అని. నాకు ఒక్కటే కావాలి, నిజం ఒక్కసారి మీ నోటితో చెప్పండి, గది ఇస్తాను, కిటికీకి కొత్త కర్టెన్ కూడా నేనే కడతాను అన్నాను. వాళ్ళనీ వీళ్ళనీ పిలిచి చెప్పమనలేదు. నాకు చెబితే చాలు.

ఏం నిజం అన్నాడు. మీకు తెలిసిందే అన్నాను. తడి దుప్పటి ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆయన చేతిలో. చాలాసేపు పిండుతూనే ఉన్నాడు. వాడు నా ఫ్రెండ్, అంతే అన్నాడు. అంతేనా అన్నాను. అంతే అన్నాడు. అయితే గది లేదు, ఫ్రెండ్స్‌కి ఇవ్వడానికి మనింట్లో గదులు లేవు అన్నాను.

ఆ దిక్కుమాలిన సీరియళ్ళు చూసి నీ బుర్ర చెడింది అన్నాడు. ఏం చూస్తున్నానో నేనెప్పుడూ చెప్పలేదు. నా వెనక నిలబడి ఎన్నిసార్లు చూశాడో.

జులై 10, బుధవారం. మధ్యాహ్నం మూడు

ఇప్పుడే టైలర్ వెళ్ళాడు. ఈయన డ్యూటీలో ఉన్నాడని తెలిసే వచ్చాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. వదినా, గది నేను అడగలేదు, వాడు చెప్పాక నాకు తెలిసింది, చెల్లెలి దగ్గరికి పోతున్నాను, శనివారం బస్సు అన్నాడు.

నేను సూటిగా అడిగాను. ఈయన్ని అడిగినట్టు తిప్పి తిప్పి కాదు. మీ ఇద్దరి మధ్యా ఏముంది అన్నాను.

కళ్ళద్దాలు తీశాడు. ఒక కన్ను ఎర్రగా ఉంది. పెళ్ళికి ముందు ఉంది వదినా అన్నాడు. వాడి పెళ్ళి చొక్కా నేనే కుట్టాను, తొడిగి చూస్తున్నప్పుడే చెప్పాను, ఆ పిల్లకి అన్యాయం చెయ్యకురా, ఆ పిల్ల నీకేం చేసిందిరా అని. మా అమ్మ ఏడుస్తోందిరా అన్నాడు వాడు. ఆ తర్వాత ఏమీ లేదు. వస్తాడు, కూర్చుంటాడు, నేను కుడుతుంటాను, వాడు పేపరు చదువుతాడు. మీ ఇంటి గడపకి ద్రోహం చేయలేదు అన్నాడు.

తిట్టడానికి మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను. తప్పు చేశామంటే తిట్టేదాన్ని. ఏమీ లేదంటే దేన్ని తిట్టాలి? నా కాపురం కోసం ఇద్దరూ నోరు కట్టుకున్నారట. నన్ను ఒక్కమాట అడిగారా? ముగ్గురమూ కంచాల ముందు కూర్చుని, ఒకరి కంచానికి ఒకరం కాపలా కాస్తూ ఇన్నేళ్ళు పస్తులున్నాం.

ఇంకొకటి. దీన్ని మింగలేకపోతున్నాను. ఆనాడు ఆ పిల్ల గురించి ఆలోచించిన మనిషి మా అమ్మ కాదు, మా అత్తగారు కాదు, కట్టుకున్నవాడు కాదు. ఈ టైలరొక్కడే.

ఉండిపొమ్మని అంటే ఉండేవాడేమో. కొంచెంసేపు ఎదురుచూశాడు కూడా. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి వెళ్ళాడు.

జులై 13, శనివారం

సాయంత్రం పక్కింటి డ్రైవర్ వచ్చి, సార్‌కి ఒంట్లో బాగుంటోందా అక్కా అని అడిగాడు. ఏమైంది అన్నాను.

టైలర్ ఎక్కిన బస్సు ఇతనిదేనట. టైమ్‌కీపర్ చీటీ మీద టైం వేసి సంతకం పెడితేనే బండి కదలాలి. టైం అయింది. ఈయన చీటీ పట్టుకుని, పెన్ను తెరిచి, అలాగే నిలబడ్డాడట. టైలర్ కిటికీ పక్కన కూర్చుని ఎదురుగా చూస్తున్నాడట, ఇటు తిరగలేదట. హారన్ కొట్టినా ఈయన కదల్లేదు. లోపల జనం గోల. ఒకావిడ, ఏవయ్యా, మీ మామగారు రావాలా ఏంటి అని అరిచిందట. నిమిషం లేటైతే మమ్మల్ని చీల్చి చెండాడే సార్ కదా, నాకు భయమేసింది అక్కా, సార్, ఎవరైనా రావాలా అని అడిగాను అన్నాడు డ్రైవర్.

ఎవరూ రానక్కర్లేదు అన్నాడట. సంతకం పెట్టాడట.

బాగానే ఉన్నారు, ఎండదెబ్బ అయ్యుంటుంది అని డ్రైవర్‌ని పంపేశాను.

జులై 15, సోమవారం

డ్యూటీ దిగి నేరుగా ఇంటికి వచ్చాడు. ఇంకా వెలుగుంది. ఆ వేళప్పుడు ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక చెప్పులతోనే హాల్లో నిలబడ్డాడు.

జులై 21, ఆదివారం

నాన్న డల్‌గా ఉన్నాడేంటమ్మా అంది కూతురు. ఫ్రెండ్ ఊరెళ్ళిపోయాడు అన్నాను. అయ్యో, టైలర్ అంకులా, పాపం, ఇద్దరూ ఎంత క్యూట్‌గా ఉండేవారో అంది.

నేను గెలిచాను అనుకోవాలి. గది నాది, మనిషి ఇంట్లోనే ఉన్నాడు. అన్నం పెడితే తింటాడు, ఉప్పు తక్కువైందని కూడా అనడం లేదు.

ఆగస్టు 4, ఆదివారం. సాయంత్రం

పాత సీరియల్ మళ్ళీ చూస్తున్నాను. పదో ఎపిసోడ్. ఈయన కళ్ళజోడు తెచ్చుకుని వచ్చి మంచం ఆ చివర కూర్చున్నాడు. నేను ఆపలేదు. చాలాసేపు చూశాడు.

వీళ్ళిద్దరూ చివరికి కలుస్తారా అని అడిగాడు.

ఏమో, నేనూ ఇప్పుడే చూస్తున్నా అన్నాను.