రవి క్యాసెట్టులో గని సైరన్

సండూరు. 14 ఆగస్టు 1996, బుధవారం.

రవి బ్యాండు మొదటి క్యాసెట్టు వచ్చి వారమైంది. టీ కొట్టులో అదే, ఖనిజం లారీల్లో అదే. బరువుగా, నిదానంగా సాగే గిటార్లు. మెటల్ అంటారట. మనవడి పని కదా అని చివరిదాకా విన్నాను. బాగానే వాయించాడు. ఆ మాట వాడితో అనలేదు.

నాకు భయమంతా మొదటి పాటతోనే. గనిలో తూటాలు పేల్చే ముందు మోగే సైరన్‌ను రికార్డు చేసి, దానితో పాట మొదలుపెట్టాడు.

"ఆ కూత తీసెయ్యప్పా" అని మొదటి రోజే చెప్పాను.

"అది ల్యాకుంటే మనూరి పాట ఎట్లయితుందవ్వా?" అని నవ్వాడు.

ఈ సాయంత్రం కొండ కింద మా చేనిలో ఉండగా సైరన్ మోగింది. ఆ కూత వింటే కొడవలి పారేసి బండ చాటుకు పరిగెత్తే మా కూలి గంగమ్మ, కలుపు తీస్తూనే ఉంది.

"లెయ్యే" అని అరిచాను.

"మీ రవప్ప పాటేలేమ్మా. యాడో లారీ వస్తాండాది."

జబ్బ పట్టి లాక్కుపోయాను. బండ చాటుకు చేరామో లేదో, కొండ పేలింది. ఆమె కూర్చున్న సాలులో తలకాయంత రాయి పడింది.

చెబితే రవి ముఖం పాలిపోయింది. "క్యాసెట్లన్నీ వెనక్కి తెప్పిస్తానవ్వా" అన్నాడు. లారీలెక్కి పోయినవి ఎక్కడని వెతుకుతాడు?

ఇది రాస్తుండగా రోడ్డు మీద కూత మోగింది. రాత్రిపూట తూటాలు పేల్చరు కనుక అది పాటే. రేపు పగలు మోగితే గంగమ్మ ఏమనుకుంటుందో.