చిలకపచ్చ చీర

ఫిబ్రవరి 9
మొయినాబాద్ పోయి ఎర్ర టీషర్టు కొనుక్కొచ్చిండు మా ఆయన. అరవై నాలుగేండ్లు. ఎంటనే ఏసుకొని చేవెళ్ల సెంటర్ల చాయ్ తాగొచ్చిండు. మల్లేశ్ పటేల్‌కు సిగ్గు ఏ వయసుల ఉన్నది గనుక?

నాకు చిలకపచ్చ చీర తెచ్చిండు, ఎర్ర అంచు. యాభై ఎనిమిదేండ్లకు ఇదేందని బీరువల పెట్టిన. నావన్నీ బూడిద రంగు, గంధం రంగు. మా బిడ్డ ప్రగతి సెలెక్షన్. వాళ్ల మోకిల విల్లాల ఫంక్షన్లకు లైట్ కలర్సే డీసెంట్ అంటది. నన్నొక్కన్ని ఇడ్సిపెట్టి నువ్వు ముసలిదానివైనవ్ అన్నడాయన. నవ్విన.

ఫిబ్రవరి 10
టీషర్టు పాతగైతే నాకియ్యమన్నది అంతమ్మ. మా బంతి తోటల కూలికొస్తది. ఆడోళ్లంత ఎండకు చీర మీద మొగోళ్ల అంగిలేసుకునే కలుపు తీస్తరు. ఇయ్య పో, ఇది నా పానం అన్నడు.

చీర ఎప్పుడు కడ్తవని మళ్ల అడిగిండు. పండుగకు కడ్త అన్న. ఏ పండుగకో చెప్పలే.

మార్చి 21
ఆయన కడుపునొప్పంటే గ్యాస్ అనుకున్నం. స్కానింగ్‌ల లివర్ క్యాన్సర్ అని తేలింది. డాక్టర్ ప్రగతికి ఇంగ్లీషుల చెప్పిండు. నేను బడిల ఇంగ్లీషు చెప్పినదాన్నే. నాకు అర్థమైందని బిడ్డకు చెప్పలే.

ఏప్రిల్ 17
టీషర్టు భుజం మీద నిలుస్తలేదు.

మే 4
తమ్ముడు రంజిత్ ఫోన్ జేసిండు, ఆదివారం ఒడిబియ్యం పోస్తమని. పుట్టింటోళ్లు పోయినేడే పోసిన్రు. ఇంత జల్ది ఎవ్వరూ పొయ్యరు. ఒడిబియ్యం ముత్తైదువకే పోస్తరు గనుక ఈ తొందర. అందరికీ తెలుసు. తమ్ముని మీద మస్తు కోపమొచ్చింది. మనిషి బతికే ఉన్నడు గద.

మే 10, సాయంత్రం
మరదలు బూడిద రంగు చీర తెచ్చింది. మమ్మీ ఇసొంటియే కడ్తదని ప్రగతి చెప్పిందట. ఆయన మంచంల నుంచే వద్దన్నడు. పచ్చది తీయమన్నడు. ఎవ్వరూ కదల్లే. నేనే తీసిన. ఫాల్ గూడ కుట్టియ్యలే, అట్లనే కట్టుకున్న. ఈ వయసుల పెండ్లిపిల్ల లెక్క ఉన్నగద అంటే, కాదు, నా పెండ్లాం లెక్క ఉన్నవన్నడు.

తనకు టీషర్టు తొడగమన్నడు. ఇద్దరు పట్టుకొని తొడిగిన్రు. మరదలు నా ఒడిల బియ్యం, కుడుకలు, పోకలు పోసింది. జర దగ్గరికి రమ్మని చానసేపు చూసిండు. ఇప్పుడు జోడి కుదిరిందన్నడు.

ఫిబ్రవరిల కడితే ఏం పోయేది నాకు? చేవెళ్ల సెంటర్ దాక ఇద్దరం కలిసి నడుస్తుంటిమి.

మే 19
పొద్దుగాల పోయిండు.

మే 31
దినాలైనయ్. పుట్టింటోళ్లు తెల్ల చీర తెచ్చిన్రు, సన్న పూలది. కట్టుకున్న. ప్రగతి రంగు చీరలు మూటగట్టింది, పంచుదమని. ఎట్లనో నువ్వు కట్టవు గద మమ్మీ అన్నది. దాని తప్పేమున్నది, ముసలిదాన్నైన అని ఇన్నేండ్లు నేనే అనుకుంటొస్తి.

ఆయన బట్టలు చాకలోళ్లకిచ్చిన్రు. టీషర్టు మాత్రం నా మెత్త కింద ఉన్నది. అందరు అన్నాలు తింటుంటే మూట ఇప్పి పచ్చది గూడ తీసుకున్న.

జూన్ 14
తోటకు పోయిన. చిలకపచ్చ చీర, మీద ఎర్ర టీషర్టు. అంతమ్మ ఒకసారి చూసింది. జరిగి, పక్క సాల్ల నాకు జాగ ఇచ్చింది.