నల్ల గొట్టాలు

ఆగస్టు 29

ఎండ. గాలి లేదు. నేనూ, షిగేకి బాబాయీ, తమాయో పిన్నీ పొద్దున్నుంచి ఆల్చిప్పల పిల్లలను తెప్ప నుంచి ఒడ్డు దగ్గరి వెదురు అరల మీదికి మార్చాం. ఆటుకు సముద్రం నీరు తీసినప్పుడు అరలు బయటపడతాయి. ఎండ తగిలి బలహీనమైనవి చస్తాయి, మిగిలినవి గట్టిపడతాయి. హిరోషిమా తీరంలో తాతల నాటి పద్ధతి.

పిల్లలు అంటుకునే పెద్ద చిప్పలను తీగకు గుచ్చుతాం. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యన చిన్న గొట్టం ముక్కలు ఉంటాయి. మామూలు ప్లాస్టిక్ ముక్కలు ఏటా ఊడిపోయి ఒడ్డంతా పడుతుంటాయి. ఈసారి బాబాయి వేసినవి నేను పనిచేసే ల్యాబ్‌లో మొక్కజొన్న పిండి నుంచి చేసినవి. పని అయ్యాక వెనక్కి తీసుకుని, కరిగించి, మళ్లీ గొట్టాలే చేస్తాం. ఊళ్లో అందరివీ తెల్లవి. కలిసిపోకూడదని మావి నల్లగా చేయించాను.

పిన్ని సగానికే వేద్దామంది. సగం నమ్మడమేమిటే, ఈ అమ్మాయి మన ఇంటి పిల్ల అన్నాడు బాబాయి. ఏడాదికి సరిపడా పిల్లల విత్తనమంతా వాటి మీదే ఉంది. అది పోతే తెప్పలకు వేలాడదీయడానికి ఏమీ ఉండదు.

పక్క తెప్పల మోరివాకి పడవ ఆపి మరీ చూశాడు. మంచిదేలే షిగేకీ, ఆకలేస్తే కొరుక్కోవచ్చు అన్నాడు.

ఆగస్టు 31

ముప్పై ఆరు డిగ్రీలు. ల్యాబ్‌లోనే ఉన్నాను.

సెప్టెంబర్ 2, సాయంత్రం

పిన్ని ఫోన్ చేసింది. నీ గొట్టాలు ఉడికిన ముల్లంగిలా ఉన్నాయే, వచ్చి చూసుకో అంది.

వెళ్లేసరికి నీరు బాగా తీసి ఉంది. నల్ల గొట్టాన్ని ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. నొక్కితే అణిగిపోయింది. చిప్పలు జారి ఒకదాన్నొకటి నొక్కేశాయి. మధ్యలో పిల్లలు నలిగాయి. మోరివాకి అరల మీద తెల్లవి చెక్కుచెదరలేదు.

ల్యాబ్‌లో రెండేళ్లు ఉప్పునీళ్ల తొట్టిలో పరీక్షించాం. తొట్టిలో ఎండ లేదు. నేను ఈ ఊళ్లోనే పుట్టాను.

బాబాయి ఒక గొట్టాన్ని వంచుతూ, చాపుతూ కూర్చున్నాడు.

మా పైఅధికారి ఉత్సుమి గారు ఫోన్ చేశారు. మనం సముద్రంలో వాడమన్నాం గానీ అరల మీద పెట్టమన్నామా, ఆల్చిప్పల రైతుల సంఘం మీటింగ్‌లో అదే చెప్పమ్మా అన్నారు. సరేనండి అన్నాను.

సెప్టెంబర్ 3

మళ్లీ నీరు తీసేలోపు తీగలన్నీ ఎత్తేయాలి. ముగ్గురి వల్ల అయ్యే పని కాదు. పిలవకుండానే మోరివాకి ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ఉడికిందా మీ మొక్కజొన్న అన్నాడు. ఆ తరవాత పని అయ్యేదాకా తీగలు ఎత్తుతూనే ఉన్నాడు.

నలగని వాటిని తెప్ప కింద నీళ్లలో వేలాడదీశాం. ఇంకా గట్టిపడనివి. బతకవచ్చు, బతకకపోవచ్చు.

సెప్టెంబర్ 6

మీటింగ్. ఆ నలుపు ఎవరి తెలివి అని మోరివాకి అడిగాడు. ఉత్సుమి గారు నా వైపు చూశారు. నేను లేవబోయాను. బాబాయి ముందే లేచాడు. నల్లవి కావాలని పోరింది నేనే, ఈ పిల్ల వద్దనే అంది అన్నాడు. అబద్ధం. నేను కూర్చుండిపోయాను.

దారిలో ఎందుకలా అన్నావని అడిగాను. ఉద్యోగం ఉంటే గొట్టాలు మళ్లీ చేస్తావు, అది పోతే నా దగ్గర ఏం చేస్తావు, చిప్పలు ఒలవడం కూడా రాదు నీకు అన్నాడు.

అక్టోబర్ 20

తెప్ప కింద వేసినవి బతకలేదు.

జనవరి 14

వంగిన గొట్టాలన్నీ రసాయనంలో కరిగించి, ప్లాస్టిక్ కాకముందు ఉండే ద్రవంగా విడగొట్టాం. రంగు వడపోతలో ఆగిపోయింది. కూర్పు మార్చి మళ్లీ చేశాం. తెల్లవి. ఎనభై డిగ్రీల వేడిలో పెట్టినా వంగలేదు. గుర్తుకు నల్లరంగు బదులు ఒక గాటు పెట్టాం.

ఏప్రిల్ 9

బాబాయి తెప్పలు విప్పేశాడు. పిన్ని నాలుగు వెదుళ్లు చిక్కుడు పందిరికి తీసుకుంది. బాబాయి జూలై నుంచి మోరివాకి దగ్గర కూలికి కుదిరాడట. ముప్పై ఏళ్లు పక్కపక్క తెప్పల వాళ్లు.

జూన్ 30

కొత్త గొట్టాలు ఒక సంచీ తీసుకెళ్లి చూపించాను. బాబాయి ఒకటి పళ్ల మధ్య పెట్టి కొరికాడు. ఉప్పు తక్కువైంది అన్నాడు. సంచీ ఇక్కడే ఉంచమన్నాడు.

మోరివాకి కూలికి కుదుర్చుకున్నప్పుడే చెప్పేశాడట. నీ మొక్కజొన్న నా పడవెక్కితే నువ్వు దిగిపోవాలి అని.

జూలై 2

తెల్లవారుజామున నాలుగున్నరకు బాబాయి మోరివాకి పడవలో వెళ్లాడు. సంచీ కూడా వెళ్లింది.